కొత్త నీళ్లలో చేపలెందుకు చచ్చిపోతాయి: ఒక తండ్రీకొడుకుల కథ

పోయిన ఎపిసోడ్‌లో నేను మొదలుపెట్టిన అక్వేరియం కథ మధ్యలోనే ఆగిపోయింది. కాంక్రీటు బండి గేటు దగ్గర నిలబడి ఉందని సైటు నుంచి ఫోన్ వస్తే లేచి పోయాను. తర్వాత ఏమైంది, పిల్లగాడికి జీతం కోశారా అని చాలామంది అడిగారు. నోటితో చెబుతుంటే సంవత్సరాలు, పేర్లు తప్పుపోతున్నాయి. అందుకే ఈసారి కూర్చొని రాస్తున్నా. వినని వాళ్ల కోసం మొదటి నుంచీ చెబుతా.

2019లో దుబాయ్‌లో ఒక విల్లా రిపేరు పని మాకు వచ్చింది. హాలుకీ మజ్లిస్‌కీ మధ్య గోడ కొట్టేసి అక్కడ పెద్ద అద్దాల తొట్టి పెట్టాలన్నారు, రెండు వైపుల నుంచీ చేపలు కనబడేటట్టు. ఎనిమిది అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. అంటే నలభై ఘనపుటడుగులు, పదకొండు వందల లీటర్లకు పైన. నేను ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసినవాణ్ణి. నీళ్ల బరువే టన్ను దాటుతుంది, ఇసుక, రాళ్లు, అద్దం కలిపితే ఎంత అవుతుంది, కింద ఏం సపోర్టు కావాలి, అన్నీ లెక్క చూసుకున్నా. తొట్టి ఒక్క చుక్క కారలేదు. లోపల బతకాల్సిన వాటికి ఏం లెక్క ఉంటుందో మాత్రం నాకు తెలియదు. అది నా పని కాదనుకున్నా.

గురువారం నీళ్లు నింపి సముద్రపు ఉప్పు కలిపారు. శనివారం ఇంట్లో ఏదో ఫంక్షన్. ఆ పొద్దున్నే పద్నాలుగు చేపలు తెచ్చి వదిలారు. నారింజ రంగుకి తెల్ల పట్టీలున్నవి, నీలం రంగువి, పసుపువి. చుట్టాలంతా అద్దం దగ్గరే నిలబడ్డారు. సోమవారం రెండు చచ్చాయి. మంగళవారం ఐదు. మిగిలినవి నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ ఎగపోశాయి. గురువారం పొద్దుటికి ఒక్కటే మిగిలింది.

ఇక ఎవరు చేశారు అన్న ప్రశ్న వచ్చింది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి నేను విడమరచి చెప్పక్కర్లేదు. ఇలాంటి ప్రశ్న ఎప్పుడు వచ్చినా జవాబు మెట్ల కింద చీపురు పట్టుకొని నిలబడి ఉంటుంది. ఆ ఇంట్లో క్లీనింగ్ పనికి మా జగిత్యాల దిక్కు పిల్లగాడు ఉన్నాడు. ఇరవై రెండేళ్లు, దేశం వచ్చి నాలుగు నెలలు. వాడు ఫినాయిల్ గుడ్డతో తొట్టి తుడవడం చూశానని డ్రైవర్ చెప్పాడు. ఇల్లు చూసుకునే మేనేజర్ నన్ను పిలిచి, నువ్వు సూపర్‌వైజర్‌వి, వాడి పొరపాటే అని ఒక కాగితం రాసివ్వు, జీతంలో పట్టుకుంటాం అన్నాడు. చేపల బిల్లు వాడి ఆరు నెలల జీతం.

నేను వాణ్ణి పిలిచి అందరి ముందు తిట్టిన.

"అన్నా, నేను అద్దం బయట్నుంచే తుడిచిన. లోపల చెయ్యి పెట్టలే. అమ్మ తోడు" అన్నాడు.

నేను నమ్మలేదు. నిజం చెప్పాలంటే ఆ కోపంలో సగం నా భయం. తొట్టి జాయింట్ల సిలికాన్ మా మనుషులు కొట్టిందే. బాత్రూముల్లో వాడే సిలికాన్‌లో బూజు పట్టకుండా మందు కలిపి ఉంటుంది, అది చేపలకు విషం. మా స్టోరులో రెండు రకాల ట్యూబులూ ఒకే అట్టపెట్టెలో ఉంటాయి. ఎవడైనా తప్పు ట్యూబు కొట్టి ఉంటే? తప్పు పిల్లగాడి మీదికి పోతే నా మీదికి రాదు. ఈ మాట ఎపిసోడ్‌లో చెప్పలేకపోయాను, ఇక్కడ రాస్తున్నా.

ఆ రాత్రి క్యాంపులో ఈ సంగతి చెబుతుంటే మా రూములో ఉండే ఎలక్ట్రీషియన్ లేచి కూర్చున్నాడు. భీమవరం దగ్గర ఊరు వాళ్లది. ఇక్కడికి రాకముందు రొయ్యల చెరువుల మీద ఏరేటర్ మోటార్లు చూసుకునేవాడు.

"నీళ్లు పెట్టి ఎన్ని రోజులైందండి?" అన్నాడు.

"వారం."

"చేపల్ని ఎప్పుడు వదిలారు?"

"రెండో రోజున."

"అయితే పిల్లోణ్ణి తిట్టడం దేనికండి? అమోనియా అయ్యుంటుంది. నీళ్లు తయారవ్వకుండా సీడు వదిలితే మా నాన్న కర్ర పుచ్చుకునేవాడండి."

నీళ్లు తయారవ్వడం. ఆ మాట నేను అప్పుడే మొదటిసారి విన్నా. నీళ్లు అంటే నీళ్లే కదా, ట్యాంకరు వస్తుంది, నింపుతాం.

మరునాడు సెలవు. ఇద్దరం చేపల షాపుకు పోయి టెస్ట్ కిట్లు తెచ్చాం. సైటులో లీకు వెతికినట్టే ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోయాం. ముందు వేడి: ఇరవై ఆరు డిగ్రీలు, ఏసీ ఆగలేదు, బాగానే ఉంది. ఉప్పు: సముద్రంలో మామూలుగా లీటరుకు ముప్పై అయిదు గ్రాములు ఉంటుంది, మన గల్ఫ్ సముద్రంలో నలభై దాకా పోతుంది. తొట్టిలో ముప్పై నాలుగు, తప్పు లేదు. కుళాయి నీళ్లలోని క్లోరిన్: లేదు, మందు వేసి విరిచారు. రాగి: పైపులన్నీ ప్లాస్టిక్, టెస్టులోనూ రాలేదు. సిలికాన్: స్టోరు పిల్లాడితో చెత్త డ్రమ్ము తిరగేయించి ఖాళీ ట్యూబులు ఏరించాను, అన్నీ అక్వేరియం రకమే. అక్కడ నాకు ఊపిరి వచ్చింది. చివరికి అమోనియా. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పోసి చుక్కలు వేస్తే, మంచి నీళ్లయితే పసుపుగా ఉండాలి. మాది గోరింటాకు నూరినంత ఆకుపచ్చగా తిరిగింది. ఎలక్ట్రీషియన్ రంగుల కార్డు పక్కన పెట్టి చూసి, "కార్డులో చివరి గడి కూడా దాటిందండి" అన్నాడు.

చేపలు తిన్న తిండిలోని మాంసకృత్తుల నుంచి అమోనియా పుడుతుంది. మొప్పల్లో నుంచి బయటికి వస్తుంది. పాత తొట్టిలో దాన్ని తినే సూక్ష్మజీవులు రాళ్ల మీద, ఇసుక మీద, ఫిల్టరులో పొరలా పట్టి ఉంటాయి. కొత్త తొట్టిలో ఆ పొర లేదు. కడిగిన రాయి, కడిగిన ఇసుక, తళతళలాడే అద్దం. పైగా సముద్రపు నీళ్ల పీహెచ్ ఎనిమిది పైన ఉంటుంది. పీహెచ్ ఒకటి పెరిగితే అమోనియాలో విషమయ్యే భాగం దాదాపు పది రెట్లు అవుతుంది. అందుకే మంచినీళ్ల తొట్టిలో ఈడ్చుకుంటూ బతికే చేప ఉప్పునీళ్లలో మూడు రోజుల్లో పోతుంది.

ఇంత సింపుల్ విషయం మనుషులకు ఎప్పుడు తెలిసింది అని నాకు అనుమానం వచ్చింది. ఫోనులో వెతకడం మొదలుపెట్టా. అసలు కథ ఇక్కడి నుంచి.

సముద్రపు ప్రాణులను గాజు పెట్టెలో పెట్టి చూసినవాళ్లలో మొదట చెప్పేది జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి ఆవిడ. పారిస్‌లో కుట్టుపని చేసిన మనిషి. పెళ్లయ్యాక సిసిలీ ద్వీపంలో మెస్సీనాకు పోయి, 1832లో ఆర్గోనాట్ అనే ఎనిమిది కాళ్ల జీవిని పరీక్షించడానికి గాజు పెట్టెలు చేయించింది. కాని ఆమె ఉన్నది సముద్రం ఒడ్డున. నీళ్లు పాడైతే కొత్త నీళ్లు పక్కనే.

కష్టం సముద్రానికి దూరంగా ఉన్నవాళ్లకి. 1846లో లండన్‌లో అన్నా థిన్ అనే పాదరీ గారి భార్య, టార్కీ తీరం నుంచి పగడపు జీవులను ఇంటికి తెచ్చుకుంది. సముద్రపు నీళ్లు కూడా తెప్పించేది. అయితే రోజూ నీళ్లు మార్చడం కుదరదు కదా. అందుకని పాత నీళ్లను తెరిచిన కిటికీ ముందు ఒక గిన్నెలో నుంచి ఇంకో గిన్నెలోకి అరగంట, ముప్పావుగంట పాటు పోయించేది. పైనుంచి పోస్తే గాలి కలుస్తుంది. మన ఊళ్లో చాయ్ తిరగపోసినట్టే. ఆ పోసింది ఆవిడ కాదు, ఇంట్లో పనిమనిషి. మరుసటి ఏడు సముద్రపు మొక్కలు కూడా వేశారు. ఆ పగడాలు దాదాపు మూడేళ్లు బతికాయి. చరిత్రలో అన్నా థిన్ పేరు ఉంది. నాకు దొరికినవాటిలో ఎక్కడా ఆ పనిమనిషి పేరు లేదు. ప్రపంచంలో మొదటి ఏరేటర్లలో ఒకటి ఒక మనిషి చేతులు అని మా ఎలక్ట్రీషియన్‌కు చెబితే, "కరెంటు పోయినప్పుడు మేమూ అదే చేసేవాళ్లమండి, బకెట్లతో" అన్నాడు.

ఇప్పుడు తండ్రి దగ్గరికి వద్దాం. రాబర్ట్ వారింగ్టన్, లండన్‌లో మందులు తయారుచేసే అపోథికరీల సంఘానికి కెమిస్టు. 1849లో పన్నెండు గ్యాలన్ల తొట్టిలో రెండు చిన్న బంగారు చేపలు, వాలిస్నేరియా అనే నీటి గడ్డి పెట్టాడు. చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ మొక్క తీసుకుంటుంది, మొక్క వదిలే ఆక్సిజన్ చేప తీసుకుంటుంది, లెక్క సరిపోవాలి. కొన్నాళ్లు సరిపోయింది. తర్వాత ఆకులు కుళ్లి నీళ్లు మురికిపట్టాయి. ఆయన నీళ్లు పారబోయలేదు. చెరువులో ఈ కుళ్లును ఎవరు తింటారు అని చూసి నత్తలను తెచ్చి వేశాడు. నీళ్లు తేటపడ్డాయి. ఈ సంగతి 1850లో కెమికల్ సొసైటీ పత్రికలో వచ్చింది. తర్వాత ఇదే పని సముద్రపు నీళ్లతో మొదలుపెట్టాడు.

ఆ టైము కూడా కలిసొచ్చింది. బ్రిటన్‌లో గాజు మీద పన్ను 1845లో ఎత్తేశారు, అద్దం చవకైంది. రైళ్లు వచ్చాయి, తీరం నుంచి జాడీల్లో నీళ్లు, ప్రాణులు ఊళ్లకు చేరుతున్నాయి. 1853లో లండన్ జూలో చేపల ఇల్లు తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ 'ది అక్వేరియం' పుస్తకం వేశాడు, ఆ పేరు జనం నోళ్లలో పడింది ఆయన వల్లనే. సముద్రం లేనివాళ్ల కోసం మామూలు ఉప్పు, ఎప్సమ్ సాల్ట్, మరో రెండు లవణాలు కలిపి సముద్రపు నీళ్లు చేసే పద్ధతి కూడా అదే ఏడు రాశాడు. ఈరోజు షాపులో బకెట్ల లెక్కన అమ్మే ఉప్పుకు తాత అది.

ఆ పద్ధతిలో ఒక చిన్న విషయం నన్ను ఆపేసింది. గాస్ నీళ్లు కలిపిన రోజే ప్రాణులను వేయలేదు. గులకరాళ్లు, వాటికి అంటుకున్న సముద్రపు నాచు వేసి వారం పాటు వదిలేశాడు. మొక్కలు నీళ్లను బాగుచేస్తాయని ఆయన నమ్మకం. తీరం నుంచి వచ్చిన ఆ రాళ్ల మీద కంటికి కనబడని కూలీలు కూడా వచ్చారని ఆయనకు తెలిసే దారి లేదు. కారణం పూర్తిగా తెలియకపోయినా ఆగాడు. మా విల్లాలో నూట అరవై ఏళ్ల తర్వాత, అన్నీ తెలిసిన కాలంలో, రెండు రోజులు ఆగలేకపోయారు.

పుస్తకం చదివిన ప్రతి ఇంట్లోనూ తొట్టి వెలిసింది. చాలా ఇళ్లలో నీళ్లు తెల్లబడి, కంపుకొట్టి, చేపలు తేలిపోయాయి. ఆక్సిజన్ లెక్క ఒక్కటే చూశారు, అమోనియా లెక్క ఎవరికీ తెలియదు. 1860లు ముగిసేసరికి ఆ పిచ్చి చల్లారిపోయింది. ఈలోపు తీరాల్లో రాళ్లన్నీ సుత్తులు, ఉలులతో గీకి పెట్టారు. గాస్ కొడుకు ఎడ్మండ్, 1907లో తండ్రి గురించి రాసిన పుస్తకంలో ఆ పాడైన తీరం గురించి బాధపడ్డాడు. తండ్రి పుస్తకాలు రాసినందుకు కొడుకు బాధపడిన కథ అది. నేను చెప్పబోయే తండ్రీకొడుకులు వేరు.

దానికి ముందు ఒక్క మనిషి. విలియం ఆల్ఫర్డ్ లాయిడ్, లండన్‌లో అక్వేరియం సామాన్ల దుకాణం పెట్టినవాడు. సిద్ధాంతాలకన్నా చావుల లెక్క ఎక్కువ చూసినవాడు. 1871లో క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర పెద్ద అక్వేరియం కట్టినప్పుడు, జనం చూసే తొట్టెలకన్నా ఎన్నో రెట్లు పెద్ద ట్యాంకు నేల కింద చీకట్లో కట్టించాడు. స్టీమ్ ఇంజన్‌తో నీళ్లు పగలూ రాత్రీ పైకీ కిందికీ తిరుగుతూ ఉండేవి. ఇనుము, రాగి నీళ్లకు తగలకుండా పంపులు, గొట్టాలు గట్టి రబ్బరుతో చేయించాడు. మన పనివాళ్లకు నచ్చే మనిషి. చీకట్లో ఉంచితే నీళ్లు పచ్చబడవని ఆయన ఉద్దేశం. అంతకన్నా పెద్ద లాభం ఆ చీకటి గోడల మీద జరుగుతుండవచ్చు.

వారింగ్టన్ గారి కొడుకు పేరు కూడా రాబర్టే. 1838లో పుట్టాడు. తండ్రి ఆ రెండు బంగారు చేపలు పెట్టినప్పుడు పదకొండేళ్ల పిల్లాడు. పెద్దయ్యాక రోథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరాడు. అక్కడ ప్రశ్న చేపలది కాదు, ఎరువులది. పొలంలో వేసిన అమోనియా కొన్నాళ్లకు నైట్రేటుగా మారుతోంది, ఎవరు మారుస్తున్నారు? 1877లో ఫ్రాన్స్‌లో ష్లోజింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు, ఇసుక నింపిన గొట్టంలో మురుగునీళ్లు మెల్లగా పోశారు. ఇరవై రోజుల దాకా ఏ మార్పూ లేదు. తర్వాత అమోనియా తగ్గి నైట్రేటు రావడం మొదలైంది. క్లోరోఫారం ఆవిరి పంపితే ఆగిపోయింది. ఆగిందంటే చేసేది రసాయనం కాదు, ప్రాణం ఉన్నదే.

ఆ ఇరవై రోజులు చూడండి. మా తొట్టికి దొరకనివి అవే.

కొడుకు వారింగ్టన్ ఈ పని అందుకొని పదేళ్లకు పైగా సీసాలు, మన్ను, పాలపొడి లాంటి సున్నపు ముద్దలతో కూర్చున్నాడు. వెలుతురు తగిలితే ఈ పని మందగిస్తుందని, చీకట్లో బాగా సాగుతుందని చూపించాడు. ఇది చదివినప్పుడే నాకు లాయిడ్ చీకటి ట్యాంకు గుర్తొచ్చింది. పని రెండు అంచెల్లో జరుగుతుందని, ముందు అమోనియా నైట్రైటుగా, ఆ తర్వాత నైట్రైటు నైట్రేటుగా మారుతుందని, రెండింటికీ వేర్వేరు జీవులున్నాయని తేల్చాడు. కాని ఆ జీవిని పట్టి విడిగా పెంచడం ఆయన వల్ల కాలేదు. 1890లో జ్యూరిక్‌లో విటనొగ్రాద్స్కీ కాదు, నోరు తిరగడానికి నాకే వారం పట్టింది, వినొగ్రాద్‌స్కీ అనే రష్యా దేశస్థుడు దాన్ని పట్టాడు. అందరూ వాటికి మాంసపు రసం, జెలటిన్ పెట్టి పెంచబోయారు. వాటికి ఆ విందు పడదు. ఆయన అవేవీ లేకుండా లవణాలు మాత్రమే పెట్టాడు. అమోనియానే వాటి అన్నం.

తండ్రి తొట్టిలో సగం లెక్క కట్టి 1867లో చనిపోయాడు. మిగతా సగం కొడుకు కట్టాడు, అదీ చేపల కోసం కాదు, గోధుమ పంట కోసం. చేపలు పెంచేవాళ్లు ఆ రెండు సగాలనూ బాగా కలిపి వాడుకోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ అనే ఆయన, ప్రాణమున్న సముద్రపు రాళ్లను నేరుగా తొట్టిలో పెట్టి, గాలి బుడగలు మాత్రం ఇచ్చి నడిపే పద్ధతిని అమెరికా పత్రికలో రాశాడు. 1990లలో అయితే, నైట్రైటును తినే జీవి అక్వేరియాల్లో అందరూ అనుకున్న నైట్రోబాక్టర్ కాదు, నైట్రోస్పైరా అని తేలింది. నూటయాభై ఏళ్లుగా జనం పెంచుతున్న తొట్టిలో పనిచేసేదెవరో మొన్నమొన్న తెలిసిందన్నమాట.

మన శ్రోతల్లో హౌస్ బాయ్‌లు, డ్రైవర్లు, మెయింటెనెన్స్ వాళ్లు చాలామంది ఉన్నారు. ఎప్పుడో ఒకరోజు మీ చేతికే తొట్టి అప్పగిస్తారు కాబట్టి నాలుగు మాటలు. కొత్త తొట్టిలో చేపలు ఎగపోస్తుంటే ముందు మేత ఆపండి. మూడో వంతు, సగం నీళ్లు మార్చండి, కొత్త నీళ్లకు ఉప్పు, వేడి ముందే సరిచేసుకోండి. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద తెల్లగా కడగకండి, క్లోరిన్‌కు ఉన్న నాలుగు జీవులూ పోతాయి. తొట్టి నుంచి తీసిన నీళ్లలోనే పిండండి. చెరువుల్లో వేసే జియోలైటు ఉప్పునీళ్లలో అమోనియాను సరిగ్గా పట్టదు. అన్నిటికన్నా ముందు టెస్ట్ చేసి ఫోటో తీసి పెట్టుకోండి, తేదీతో. ఈ చివరిది చేపల కోసం కాదు.

నేను మేనేజర్‌కు కాగితం రాసిచ్చాను, ఆయన అడిగింది కాదు. గురువారం నీళ్లు, శనివారం చేపలు, టెస్టు ఫలితాలు, ఫోటోలు. చేపలు అమ్మిన షాపు అతన్ని పిలిపిస్తే, నాలుగైదు వారాలు ఆగమని తాను ముందే చెప్పానని, ఫంక్షన్ ఉందని వాళ్లే తొందరపెట్టారని చెప్పాడు. మేనేజర్ నేలవైపు చూశాడు. జీతంలో కోత పడలేదు. పిల్లగాడికి ఎవరూ తప్పయిందని చెప్పలేదు. నేను కూడా వెంటనే చెప్పలేదు, సూపర్‌వైజర్‌ని కదా. రెండు వారాల తర్వాత ఒక శుక్రవారం వాణ్ణి మా రూముకు బిర్యానీకి పిలిచి, "తమ్మీ, ఆరోజు నేను తప్పు మాట్లాడిన" అన్నాను. "పోనీ తియ్యన్నా" అన్నాడు గాని తల ఎత్తలేదు.

ఆ ఖాళీ తొట్టిలో పెంకు తీయని పచ్చి రొయ్య ఒకటి వేసి కుళ్లనిచ్చాం, అమోనియా పుట్టడానికి. మిగిలిన ఆ ఒక్క చేపను షాపు అతను తీసుకుపోయి తన పాత తొట్టిలో వేసుకున్నాడు. రోజూ టెస్టు చేసి నోటుబుక్కులో రాసే పని మేనేజర్ పిల్లగాడికే ఇచ్చాడు. మొదట ఆకుపచ్చ పెరిగింది, తర్వాత తగ్గింది. నైట్రైటు గులాబీ రంగు వచ్చింది, అదీ మెల్లగా పోయింది. ముప్పై ఎనిమిదో రోజు రాత్రి వాడు నాకు వాట్సాప్‌లో రెండు గాజు గొట్టాల ఫోటో పంపాడు. ఒకటి పసుపు, ఒకటి లేత నీలం. కింద "అన్నా, నీళ్లు తయారైనయ్" అని రాశాడు.